పడవలో చూసిన బొమ్మ

కొత్తపేట వెళ్ళే పడవలో నా పక్కనున్న ముసలావిడ సంచిలోంచి ఒక అచ్చుబొమ్మ తీసి చూసుకుంటోంది. అందులో ఒక తల్లి, చనిపోయిన కొడుకుని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉంది. నాకు కుతూహలం ఆగలేదు.

“వీళ్ళెవరండి మామ్మగారూ?”

“ఏసుప్రభువూ, వాళ్ళమ్మగారూ బాబూ. పాదిరిగారిచ్చేరు.”

“మీరు ఆ మతంలో కలిసేరా అండి?”

“లేదు బాబూ. మా అబ్బాయి వాంతిభేదితో పోతే, నన్ను ముట్టుకోనివ్వకుండానే తీసుకుపోయేరు. ఈవిడ్ని మాత్రం కొడుకుని ఒళ్ళో పెట్టుకోనిచ్చేరు. అది చూద్దామనే దాచుకున్నాను.”

రేవు రాగానే ఆవిడ దిగి వెళ్ళిపోయింది.

కొన్నేళ్ళకు మా తమ్ముడు అదే జబ్బుతో పోయాడు. శవాన్ని త్వరగా ఎత్తాలని పెద్దలు తొందరపెట్టారు. అమ్మ లోపల వాడి దగ్గరుంది. ఆవిడ లేచి వచ్చేదాకా నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.