ఐదో నంబరు బ్యాండు లేని ఫోను

నేను డిగ్రీ చదివినదాన్ని. మా పేటలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చి చదివించుకుంటారు. ఆ గీర నాకు కొద్దిగా ఉండేది. కొద్దిగా ఏమిటి, బాగానే ఉండేది. అందుకే ఈ ఫోను సంగతి తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. చదువురాని మనిషి చేసిన తప్పయితే పోనీలే అనుకోవచ్చు.

మాది శ్రీకాకుళం వైపు, ఎచ్చెర్ల నుంచి ఆటోలో వెళ్తే వచ్చే సముద్రపు ఒడ్డు. మా ఆయనా, మా మరిదీ ఒక ఫైబరు బోటు మీద వేటకెళ్తారు. నీళ్ళపాలవుతుందన్న భయంతో ఇద్దరికీ కలిపి ఒకే ఫోను పట్టుకెళ్తారు, అది మా ఆయనది. దాన్ని పాలిథిన్ కవరులో చుట్టి అన్నం డబ్బా పక్కన పెడతారు. ఒడ్డు కంటికి ఆనకుండా పోయాక కూడా చాలా దూరం మా ఫోన్లకి సిగ్నలు అందుతుంది. గాలి లేస్తుందని కబురు రాగానే ఆడవాళ్ళం ఎవరి బోటుకి వాళ్ళం ఫోను చేస్తాం. వాళ్ళు వల లాక్కుని ఒడ్డుకొచ్చేస్తారు. మా ఇళ్ళల్లో ఫోను ఉన్నదే అందుకు, సినిమాలు చూసుకోవడం ఆ తర్వాతి మాట.

ఓడ మీద పనిచేసే మా అన్నయ్య ఆ వేసవిలో సెలవుకి వస్తూ ఏదో దేశపు రేవులో ఒక ఫోను కొని నాకు తెచ్చాడు. "దీనికి లాకు లేదమ్మా. ఏ దేశం సిమ్మయినా ఎక్కుతాది" అన్నాడు. పెద్ద తెర, రెండు రోజులు ఆగే బ్యాటరీ, నీళ్ళు పడినా ఏమీ కాదట. నీళ్ళు పడినా ఏమీ కాదన్న మాట వినగానే ఇది మా ఆయనకే అని నిశ్చయించేసుకున్నాను.

విజయనగరంలో మా పుట్టింటి దగ్గరే ఒక ఫోన్ల షాపు ఉంది. మా ఆయన సిమ్ము కూడా పట్టుకెళ్ళి, ఆ షాపతనితో కొత్త ఫోనులో వేయించాను. అతను సిమ్ము వేసి, అట్టపెట్టె తిరగేసి వెనకాల ఉన్న అంకెలన్నీ చదివి తల గోక్కున్నాడు.

"అక్కా, దీన్లో ఐదో నంబరు బ్యాండు లేదు."

"అంటే ఏటి?"

"టవరు ఒకటే గానీ అది రెండు మూడు రకాల సిగ్నలు ఒదుల్తాది, వాటినే బ్యాండ్లంటారు. కొన్ని దగ్గర్లో గట్టిగా ఉంటాయి, దూరం పోవు. ఈ ఐదో నంబరుది దూరం పోతాది. మీ సిమ్ముకి దూరంలో అదే దిక్కు."

"లాకు లేదు గదా?"

"లాకు లేకపోతే సిమ్ము ఎక్కుతాదక్కా. బ్యాండు లేకపోతే సిగ్నలెక్కడ నుంచొస్తాది?" అని పెట్టె మీద పెన్నుతో 5 వేసి, దాన్ని అడ్డంగా కొట్టేశాడు.

నాకు బస్సు తొందర. మా ఇంటి దగ్గరే టవరుంది, అక్కడ పనిచేస్తుందా లేదా అని అడిగాను. సేస్తాది అన్నాడు. అంతే, అయిపోయింది. దూరం అంటే నా బుర్రలోకి కొండలొచ్చాయి, రైలు ప్రయాణాలొచ్చాయి. పొద్దున లేస్తే వాకిట్లోంచి కనిపించే సముద్రం మాత్రం రాలేదు.

అది వేట నిషేధం రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపేస్తుంది. బోట్లన్నీ ఇసక మీదే ఉన్నాయి. మా ఇంట్లో ఫోను బ్రహ్మాండంగా పనిచేసింది. మా ఆయన దాన్ని అందరికీ చూపించుకుని తెగ మురిసిపోయాడు. ఆయన పాత ఫోనులో నా సిమ్ము వేసుకుని నేను వాడుకున్నాను. షాపతను చెప్పింది పూర్తిగా మర్చిపోయాను.

నిషేధం ఎత్తేసిన మొదటి రోజు. తెల్లవారేసరికి పేటంతా ఒడ్డునే ఉంది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, ఒకటే సందడి. మా బోటు నీళ్ళలోకి దిగి మొదటి అలల వరస దాటుతోంది. పక్కింటి ఆవిడ నవ్వుతూ, "మీ ఆయన కొత్త ఫోను ఎంత దూరం అందుతాదో సూడాల" అంది.

దూరం. షాపతని పెన్నూ, కొట్టేసిన అంకే కళ్ళ ముందుకొచ్చాయి. బోటు ఇంకా పిలుపు దూరంలోనే ఉంది. సముద్రం మీద సిగ్నలు అందే ఆయన పాత ఫోను నా నడుముకే ఉంది. ఒక్క కేక వేస్తే ఆయన ఇంజను ఆపుతాడు, మొల లోతు నీళ్ళలోకి దిగి చేతికిచ్చి వచ్చేయొచ్చు. చెయ్యెత్తాను, నోరు తెరిచాను.

మా అత్త నా మణికట్టు పట్టేసుకుంది. "ఒసే, నీకేటి మతి పోనాదా? ఏటకెళ్ళే మనిసిని ఎనక్కి పిలుస్తావేటి? అందులోనూ మొదటి రోజు!"

మాలో బోటు నీళ్ళలో దిగాక వెనక నుంచి పిలవరు. అన్నం డబ్బా మర్చిపోయినా పిలవరు, ఆ పూట పస్తుండి వస్తారు. పోనీ మా అత్తకి భయపడి ఊరుకున్నానని చెప్పుకుందామంటే అదీ అబద్ధమే. పిలిస్తే ఏమవుతుందోనని నాకే భయమేసింది. ఇంత చదువూ చదివి నోరు మూసుకున్నాను. బోటు రెండో అల కూడా దాటేసి అలా చిన్నదైపోయింది.

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించానే గానీ ఏం వండుతున్నానో తెలియలేదు. ఆయనకి ఫోను చేశాను. మోగింది. "ఏటే?" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. చెప్పేలోపలే మాట ముక్కలు ముక్కలై తెగిపోయింది. మళ్ళీ చేస్తే అందుబాటులో లేరంది. నాలుగుసార్లు చేసినా అదే రికార్డు మాట. పెట్టె తీసి అంకెలు చదివాను, ఎన్నిసార్లు చదివినా అందులో ఐదు లేదు.

తొమ్మిదింటికి గాలి కబురొచ్చింది. ఈదర గాలి లేస్తోంది, బోట్లన్నీ వెనక్కి రావాలని. ఆడవాళ్ళందరం ఒడ్డుకి పరుగెత్తాం. నా చుట్టూ అందరి ఫోన్లూ కలుస్తున్నాయి. "వొచ్చీ, వొచ్చీ, వల కోసీసైనా వొచ్చీ!" అని ఒకామె అరుస్తోంది. ఎన్నిసార్లు చేసినా నా ఫోనులో మాత్రం ఆ రికార్డు గొంతు ఒక్కటే. మర్యాదగా, తాపీగా చెబుతోంది, దాని గొంతు నొక్కేయాలనిపించింది.

మేఘం దక్షిణం నుంచి నల్లగా దిగింది. ఇసక లేచి కాళ్ళకి సూదుల్లా గుచ్చుకుంటోంది. బోట్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. వచ్చిన ప్రతి బోటుకీ ఎదురెళ్ళి, "మా వోళ్ళు కనబడ్డారా బావా?" అని అడిగాను. "లేదమ్మా, వాళ్ళు ఇంకా లోపలికెళ్ళినారు" అన్నారు. పదకొండింటికి మా పేట బోట్లన్నీ వచ్చేశాయి, మాది తప్ప.

మా తోడికోడలు చంకలో పసిబిడ్డతో వచ్చి నా భుజం పట్టుకుంది. "అక్కా, నువ్వు ఫోను సేసినావు గదా? ఏటన్నాడు బావ?" అంది. కలవలేదన్నాను. ఎందుకు కలవలేదో చెప్పలేదు. ఒక మొగుణ్ణి కాదు, ఇద్దరు ఆడవాళ్ళ మొగుళ్ళని సముద్రంలోకి చెవిటివాళ్ళని చేసి పంపానని ఏ నోటితో చెప్పను? మా అత్త ఇసకలో కూలబడి గంగమ్మకి మొక్కుకుంటోంది. ఆవిడ మొహం చూస్తే, పొద్దున ఆవిడ నా మణికట్టు పట్టేసుకున్నది గుర్తొచ్చి ఆవిడ మీద కోపమొచ్చింది. మరుక్షణం నా మీద నాకు అసహ్యమేసింది.

రెండున్నర దాటాక కనిపించింది బోటు. అల పైకెత్తినప్పుడు కనిపిస్తుంది, దించినప్పుడు కనిపించదు. మొగవాళ్ళు మెడలోతు నీళ్ళలోకి దిగి తాళ్ళు విసిరి లాగారు. వల లేదు, పోయింది. మా మరిది అరచెయ్యి తాడుకి కోసుకుపోయి లోపలి కండ కనిపిస్తోంది. తోడికోడలు బావురుమంది.

మా ఆయన ఇసకలో వెల్లకిలా పడిపోయాడు. తర్వాత లేచి కూర్చుని పాలిథిన్ కవరు విప్పి, పొడిగా ఉన్న ఫోను నా చేతిలో పెట్టాడు. నా ఏడుపు చూసి నా తల మీద చెయ్యేశాడు.

"మబ్బు పట్టగానే ఎల్లిపోదామన్నాడే తమ్ముడు. నానే ఆపినాను. గాలొస్తే మీ వదిన ఫోను సెయ్యదేటి, అది ఊరుకునే మనిసి కాదు, ఇంకోపాలి వల ఏద్దామన్నాను."

ముప్పైసార్లు చేశానని చెప్పబోయాను. అది చెబితే, ఆ ఫోను మోగదని బోటు అల దాటకముందే నాకు తెలుసని కూడా చెప్పాలి. మా మరిది చేతికి గుడ్డ కట్టించుకుంటూ నా వైపే చూస్తున్నాడు. నేను ఆ ఫోనుని మళ్ళీ పాలిథిన్ కవరులో చుట్టేశాను.