మొగిలి పెట్టని చుక్క

మొగిలిది జనగామ పక్కన పల్లె. ఉండేది మూసాపేటలో కిరాయి ఇంట్లో. మాదాపూర్‌లోని పన్నెండు అంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టులు, ఏసీలు, పొగ అలారాలు చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగి. ఆ వారం దాటితే ఏడాది పొడిగింపు కాగితం రావాలి.

ఎలక్ట్రీషియన్‌గా చేరినవాడు పెర్ల్ అనే కంప్యూటరు భాష ఎలా నేర్చాడంటే, ఏ అలారానికి ఎవరి ఫోనుకు కబురు వెళ్లాలో తేల్చే పాత ప్రోగ్రాము ఒకటి ఉంది. అది పెర్ల్‌లో రాసినాయన వెళ్లిపోయాడు. మిగతావాళ్లు దాన్ని ముట్టుకోలేదు. మొగిలి కోఠిలో పాత పుస్తకం కొని రెండేళ్లు కుస్తీ పట్టాడు.

అక్కడ ప్రతి పరికరానికీ చుక్కల పేరు. బ్లాకు, చుక్క, అంతస్తు, చుక్క, గది, చుక్క, పరికరం.

“మనకు ఇంటిపేరు ముందల ఉన్నట్టే,” అంటాడు. “గని పెర్ల్‌ల చుక్క మస్తు నాటకాలది. ఊకె రాస్తే ఏ అక్షరమైనా నేనే అంటది. దాని ముందల వెనక్కి వాలిన గీత పెడితెనే చుక్కలెక్క కుదురుగ కూసుంటది.”

సోమవారం బి బ్లాకు మొదటి అంతస్తుకు రంగులు మొదలయ్యాయి. గోడలు గీకిన దుమ్ముకే అలారం కబుర్లు వస్తుంటే, పని అయ్యేదాకా ఆ కబుర్లు ఆపమన్నారు. మొగిలి /^B\.1/, అంటే పేరు మొదట్లో బి, చుక్క, ఒకటి ఉంటే ఆపు అని రాశాడు. గీత మరిచిపోలేదు.

గురువారం టీ దగ్గర చంద్రమ్మ ఎదురైంది. అదే బ్లాకు పదో అంతస్తులో ఉద్యోగుల పిల్లలను చూసే క్రెష్‌లో ఆయా.

“ఏందన్నా, పెద్దోనివైనవా? రొట్టె మాడినా ఉరికొస్తుంటివి. నిన్న పాలు మాడి గదంత పొగైతే మొకమే సూపియ్యలే!”

“ఎర్ర లైటు ఎలిగిందా?”

“ఎలిగింది. నేనే తలుపు తీసి అట్టతోని ఇసిరిన.”

మొగిలి టీ అక్కడే వదిలేసి కిందున్న కంప్యూటరు దగ్గరికి పరుగెత్తాడు. ఆగిన పేర్ల జాబితా తీస్తే మొదటి అంతస్తుతో పాటు పది, పదకొండు, పన్నెండు కూడా ఉన్నాయి. ఒకటి తరువాత ఇంకో చుక్క పెట్టి ఉంటే అక్కడితో ఆగేది. పెట్టలేదు కనుక, ఒకటితో మొదలయ్యే అంతస్తులన్నీ నాలుగు రోజులుగా మూగవయ్యాయి.

/^B\.1\./ అని దిద్దడానికి అర నిమిషం పట్టలేదు. అతను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అయినా మేనేజరు భీమేశ్వరరావు గదికి వెళ్లి అంతా చెప్పాడు.

“సరిచేసేశారు కదండీ? మరి నాకెందుకు చెప్పారు?” కాకినాడ మనిషి, నెత్తి పట్టుకున్నాడు. “ఇప్పుడు పైకి రాయాలి. మీ కాగితం మీదికే వస్తుందండి.”

“తెలుసు సార్. పైన పద్దెనిమిది మంది పిల్లలున్నరు.”

“మీరే వచ్చి చెప్పారని కూడా రాస్తాను లెండి.”

మొగిలి పరీక్ష పొగ డబ్బా పట్టుకుని పదో అంతస్తుకు ఎక్కాడు. అలారం కింద కొట్టాడు. తన జేబులోనే ఫోను మోగింది.

“నీకు నువ్వే ఫోన్ జేస్కుంటున్నవా?” అని చంద్రమ్మ నవ్వింది.

“నిన్న రానిది నా తప్పే చెల్లే. ఈ అలారం కబురు నేనే ఆపిన, తెల్వక.”

ఆమె నవ్వు ఆగింది. పిల్లల వైపు చూసి, “చెప్పినవ్, మంచిగైంది,” అంది.

సోమవారం కాగితం వచ్చింది. చంద్రమ్మే అడిగింది.

“ఏడాది ఇచ్చిండ్రా?”

“మూడు నెలలు.”

“నిజం చెప్పినందుకా?”

“కాదు, తప్పు జేసినందుకు,” అన్నాడు మొగిలి.