బిందె అడుగున మట్టి

గోదారికి ఎర్రనీరు వచ్చిందనగానే మా నాన్నగారు ముక్తేశ్వరం రేవులో దిగి ఇత్తడి బిందెడు నీళ్ళు తెచ్చేవారు. అమ్మ ఇండుపగింజ అరగదీసి అందులో కలిపేది. తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగి, పైన నీళ్ళు తేరుకునేవి. ఊళ్ళో అందరికీ తాగడానికి ఆ తేటనీళ్ళు కావాలి. మా నాన్నగారికి మాత్రం అడుగున మట్టి కావాలి. నీళ్ళు వంచేసి బురదలో వేలు గుచ్చేవారు. కణుపు మునిగితే ఆ ఏడు మా లంకకి ఢోకా లేనట్టే.

లంకంటే ఏటి నడుమ మా అరటితోట. ఇంటిల్లిపాదీ దాని మీదే బతికాం. ఏరు ఒక పక్క నేలని కోసుకుపోయేది, వరదమట్టి తెచ్చి ఇంకో పక్క మేట వేసేది.

"ఈ మట్టి గోదారి సొంతం కాదమ్మా. నలుపు ప్రాణహితది. ఎరుపు ఇంద్రావతిదీ, శబరిదీ. అందరూ తలా గుప్పెడు పంపితేనే మనకి నేల," అనేవారు నాన్నగారు నాతో. బళ్ళో నేను బట్టీ పట్టిన ఉపనదులు ఆయనకి ఏటా సారె పంపే పుట్టింటివాళ్ళు.

తొంభైల చివర్లో కోత ముదిరింది. లంక రైతులు గట్టు వారన రెల్లు నాటడం మామూలే, వరదలో దుబ్బులు మట్టిని పట్టి ఆపుతాయి. మా నాన్నగారు అక్కడితో ఆగలేదు. కాపు మీదున్న అరటి కొట్టించి ఆ జాగాలోనూ రెల్లు నాటించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిండి పెట్టే చెట్టు నరికి గడ్డి పెంచే మనిషిని ఏమనాలి?

"మట్టి వస్తుందంటారా?" అని పక్క లంక రైతు అడిగితే, "ఆయ్, వస్తాదండి. పైనించి రాకుండా ఎక్కడికి పోద్దండీ?" అన్నారు.

వరద ఏటా వచ్చింది. నీళ్ళకేం లోటు లేదు, మట్టే రాలేదు. పైన నదులకి ఎక్కడికక్కడ ఆనకట్టలు కట్టేశారని, మట్టి అక్కడే దిగిపోతోందని రేవులో చెప్పుకునేవారు. ఎర్రనీటికి ఎదురీదే పులసలూ తగ్గాయి. రెల్లు దుబ్బులు వేళ్ళతో సహా ఏట్లోకి జారుతుంటే ఒడ్డున నిలబడి చూశాం. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి లంక పూర్తిగా పోయింది.

మరుసటి ఏడూ నాన్నగారు బిందె పట్టుకుని రేవుకి వెళ్ళారు.

పొద్దున్నే అమ్మ మూత తీసి సంబరపడింది. "ఏవండీ, రాత్రి ఇండుపగింజ వెయ్యడం మర్చిపోయేనండి. అయినా నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చూడండి!"

నాన్నగారు నీళ్ళు గిన్నెలోకి వంచి, బిందెలో చెయ్యి పెట్టారు. గోరు ఇత్తడికి తగిలి టంగుమంది. చెయ్యి వెంటనే తీయలేదు. ఆయన్ని అలా చూడలేక నాకు ఏడుపొచ్చింది.

ఆ నీళ్ళు మేమంతా తాగాం. నాన్నగారు తాగలేదు.