వేలానికి వచ్చిన స్వెట్టర్

బోధన్‌లో అంత పెద్ద చక్కెర ఫ్యాక్టరీ ఉండగా, మా చర్చిలో కోత పండుగ నాడు పోసే చాయలో తీపి ఎందుకుండదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సంవత్సరం మాత్రం ఆ చాయ అసలు గొంతే దిగలేదు. తప్పు చాయది కాదు.

తప్పు ఒక స్వెట్టర్‌ది. పెళ్లయిన మొదటి చలికాలంలో మా అత్తమ్మ స్వయంగా అల్లి ఇచ్చింది. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేస్తూ నేర్చుకున్న విద్య. నన్ను అప్పటికి రెండుసార్లే చూసింది కాబట్టి కొలతలు జ్ఞాపకం మీద వేసింది. మెడలోంచి తల దూరాలంటే చెవులు మడుచుకోవాలి. ఎడమ చేయి వేళ్లు దాటి వచ్చేది, కుడి చేయి మోచేతి కింద కొంత దూరం వచ్చి ఆగిపోయేది. దురద మాత్రం ఒళ్లంతా సమానంగా పెట్టేది. చలి దాన్నొక అడ్డంకి అనుకోలేదు.

అత్తమ్మ వచ్చినప్పుడల్లా తొడుక్కుంటూ ఏడేళ్లు ఓపిక పట్టాను. "ఎవలకన్న ఇచ్చేద్దామా?" అని అడిగినప్పుడల్లా నా భార్య, "మా అవ్వ కండ్లు గుంజేదాక అల్లింది. ఆమెకు తెలిస్తే మన గడప తొక్కది," అనేది. నా భార్య హాస్యమాడే మనిషి కాదు.

ఆ ఏడు మోకాళ్ల నొప్పుల వల్ల అత్తమ్మ భీమ్‌గల్ నుంచి పండుగకు రావడం లేదని కబురొచ్చింది. మా పండుగకు ఎవరి పంట వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. బట్టలుంటే పాస్టరమ్మ తీసి చాటుగా బీదలకు పంచేది. పొద్దున్నే స్వెట్టర్‌ను పేపర్లో చుట్టి గుమ్మడికాయల వెనక పెట్టాను. దేవుడికిస్తే ఎవరు అలుగుతారు?

మొదటి కీర్తన సగంలో అత్తమ్మ వచ్చి ఆడవాళ్ల చాప మీద ముందు వరుసలో కూర్చుంది. మోకాళ్లు నయమయ్యాయట. నా భార్య ముఖం వెలిగింది. నా ముఖం సంగతి చూసినవాళ్లు చెప్పాలి.

పాస్టరమ్మ ఊళ్లో లేదని వేలం మొదలయ్యాక తెలిసింది. వేలం పాడిస్తున్న కొత్త సంఘపెద్దకు చాటు వ్యవహారాలు తెలియవు. పసుపు కొమ్ములు పోయాయి, రెండు కోళ్లు పోయాయి, గుమ్మడికాయలు ఒక్కొక్కటే తరుగుతున్నాయి. చివరికి పేపర్ చిరిగిన చప్పుడు.

"స్వెట్టర్! అసల్ ఉన్ని! ఎవలు దెచ్చిండ్రో దేవునికెర్క!"

వెనక నుంచి ఎవరో, "గా చేతులేందన్నా? ఒకటి నిజామాబాద్ దాక పోయింది, ఇంకోటి ఇంట్లనే ఉన్నది!" అన్నారు. చర్చి అంతా నవ్వింది. అత్తమ్మ నవ్వలేదు. నా భార్య మెల్లగా నా వైపు తిరిగింది.

తలుపు దగ్గర నిలబడ్డ చెరకు బండాయన, "రూపాయి," అన్నాడు. తెల్లవారుజామున ఫ్యాక్టరీ గేటు ముందు వంతు కోసం కూర్చునే మనిషి. ఒంటి మీద పలచటి అంగీ. వదిలేస్తే ఇచ్చింది నేనేనని ఒప్పుకున్నట్టు. పాడి తెచ్చుకుంటే, పొరపాటున కలిసిపోయిందని చెప్పుకోవచ్చు.

"రెండు," అన్నాను.

అతను నన్నూ స్వెట్టర్‌నూ మార్చి మార్చి చూశాడు. "మూడు."

"ఐదు."

అతను తల దించుకున్నాడు.

"ఐదు రూపాయలు, ఒకటోసారి... రెండోసారి..."

అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది.

"ఆగు పెద్దయ్యా. గది బండాయనకే ఇయ్యి. మా అల్లుడు నేనొచ్చిన నాడే తొడుగుతడు."