మా ఆడపడుచు, మూడు పంపుహౌసులు

పొద్దున్నే లేచి, పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టి, మెట్ల దగ్గర నిలబడి మా ఆడపడుచును పిలవడం నాకు అలవాటుగా ఉండేది. "లేచావా?" అంటే పై గదిలోంచి "లేచాను" అనేది. అంతటితో వదిలేది కాదు. నేను తిరిగి "విన్నాను" అనాలి. అనకపోతే దుప్పటి చుట్టుకునే కిందికి దిగివచ్చేది.

"నేను లేచినట్టు నీకు తెలిసిందని నాకెలా తెలియాలి వదినా?"

"ఇదిగో, ఎదురుగా నిలబడ్డావుగా, తెలిసింది. వెళ్లి మొహం కడుక్కో."

ఇప్పుడు నీళ్లు పెట్టి వంటింట్లోనే నిలబడతాను. మెట్ల వైపు వెళ్లను.

ఆఫీసులో ఆమెను "ఒకవేళ మేడం" అనేవారట. ఎవరేం చెప్పినా "ఒకవేళ అలా జరగకపోతే?" అని అడ్డం పడేది కనక. మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. పెళ్లి మాటెత్తితే దానికీ ఒక ఒకవేళ తీసేది. చివరిదాకా మా ఇంట్లోనే ఉంది. నాకు తోబుట్టువులు లేరు. అలగడానికైనా, బతిమాలించుకోవడానికైనా నాకు ఆమే.

ఆమె ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నీళ్లు నమిలేదాన్ని. చిన్నప్పుడే బడి మానేసినదాన్ని. ఇప్పుడు కూడా నాకు అర్థమైనంతే రాస్తున్నాను, అదెంతవరకు సరైనదో తెలియదు.

మా ఊరికి నీళ్లు తోసే పంపుహౌసులు మూడు. దూరదూరంగా ఉంటాయి కానీ మూడింటికీ ఒకటే పెద్ద గొట్టం. ఏ రెండు ఒకేసారి తోసినా గొట్టం పగులుతుంది. మూడూ ఊరుకుంటే కుళాయిలు ఎండిపోతాయి. ఒక్కోదాంట్లో ఒక్కో కంప్యూటరు. ఒకదాని సంగతి ఇంకొకదానికి కబురు వస్తేనే తెలుస్తుంది. ఆ కబురు దారిలో పోవచ్చు కూడా. అవి ఎలా నడుచుకోవాలో ముందే తర్కంలో రాసిపెట్టడం ఆమె పని. ప్రోగ్రాము వేరేవాళ్లు రాస్తారు. ఆ ప్రోగ్రాము తప్పకూడని నియమం ఈమె రాసేది.

అందులో రెండు తర్కాలున్నాయట. ఒకటి కాలానికి సంబంధించింది. ఇది ఎప్పుడూ జరగకూడదు, అది ఎప్పటికైనా జరగాలి అని చెబుతుంది. ఇంకోటి తెలియడానికి సంబంధించింది. దీనికి ఫలానా సంగతి తెలుసు, దీనికి తెలుసన్న సంగతి దానికి తెలియదు, ఇలా.

"దేనికది బుద్ధిగానే ఉంటుంది వదినా. రెండూ కలిపితేనే, ఏదీ అనని మాట ఒకటి మధ్యలో పుట్టుకొస్తుంది."

"అదెలా?"

"నువ్వూ మంచిదానివే, నేనూ మంచిదాన్నే. ఒకే వంటింట్లో పెట్టి చూడు."

"నువ్వు వంటింట్లోకి ఎప్పుడొచ్చావు గనక" అన్నాను. నవ్వింది. నాకు మాత్రం అర్థం కాలేదు.

కాగితం మీద లెక్క కుదిరినా, కంప్యూటరు సరే అన్నా, ఆ రెండూ కలిసేచోట ఆమెకు గురి కుదిరేది కాదు. అప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టేది. వంటింట్లో నేనొక పంపుహౌసు, ముందు గదిలో మా ఆయన ఒకటి, మెట్ల మీద తనొకటి. చీటీలు మోసేదీ తనే. కొన్నింటిని కావాలనే పోగొట్టేది. ముందున్న గ్లాసు బోర్లిస్తే ఆగినట్టు, నిలబెడితే నీళ్లు తోస్తున్నట్టు. మిగతా ఇద్దరూ ఆగారని తెలిస్తేనే మన గ్లాసు నిలబెట్టాలి.

ఒకసారి చీటీ రాకముందే నిలబెట్టాను. తప్పేమీ జరగలేదు, మా ఆయన అప్పటికే తనది బోర్లించారు.

"నీకెలా తెలిసింది?" అంది.

"ఆయన గ్లాసు చప్పుడైందిగా."

ఆమె మొహం పాలిపోయింది. అంతకుముందు ఎన్నిసార్లు అలా విని ఆడానో నాకే తెలియదు. "అయితే ఇన్నాళ్లూ మనింట్లో నిలిచింది నా నియమం కాదు వదినా, ఈ పల్చటి గోడలు" అంది. ఆ తరవాత ఎప్పుడు ఆడినా ఒకరి చప్పుడు ఒకరికి వినబడకుండా తలుపులు మూసి, రేడియో పెట్టేది.

చివరి నియమం రాసిన వారంలోనే జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తన కాళ్ల మీద వెళ్లిన మనిషి మళ్లీ గడప తొక్కలేదు.

నిన్న ఆమె ఆఫీసులో పక్క సీటాయన వచ్చాడు. "ఆవిడ నోట వినీ వినీ మాకందరికీ మీరు వదినగారే" అంటూ కూర్చున్నాడు. ఆ చివరి నియమాన్ని పంపుహౌసుల్లో పెట్టాలా, పక్కన పడేసి బయటివాళ్లది కొనాలా అని ఆఫీసులో తగువు నడుస్తోందట. ఇంట్లో ఆడి చూశాం, నిలిచింది అని ఆమె వీళ్లతో చెప్పిందట. గ్లాసు చప్పుడు సంగతీ అంతకుముందే చెప్పిందట.

"ఒక్కటే అడగాలి వదినగారూ. ఆ రోజు తలుపులు మూసే ఉన్నాయా?"

"మూసే ఉన్నాయి" అన్నారు మా ఆయన వెంటనే.

నాకు గుర్తు రాలేదు. ఉక్కపోతగా ఉన్నట్టు గుర్తు. ఉక్కపోతగా ఉంటే తలుపు తీసి ఉంటాం. కానీ ఆ ఉక్క ఆ రోజుదో ఇంకోరోజుదో. రేడియోలో ఎవరో మాట్లాడుతున్నట్టూ గుర్తు. మూశామంటే ఆమె చివరి పని ఈ ఊరి నీళ్లలో బతుకుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలియదండీ" అన్నాను.

మా ఆయన నా వైపు చూశారు. "అది తలుపు వెయ్యకుండా ఎందుకుంటుందే? వేసే ఉంటుంది."

"వేసినట్టు మీకు గుర్తుందా?"

"గుర్తు లేదు. అయినా దాని సంగతి నాకు తెలియదా?"

"తన సంగతి మీకు తెలుసు. తలుపు సంగతి తెలియదు కదండీ."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పక్క సీటాయన నెమ్మదిగా అన్నాడు, "మళ్లీ ఆడదామా? ఒక్కసారి నిలిచినంత మాత్రాన రుజువైపోదు. విరిగితే మాత్రం తెలిసిపోతుంది. విరిగితే నేనే వెళ్లి వద్దని చెబుతాను."

ఈ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చాడు. ఆమె కూర్చునే మెట్టు మీద కూర్చున్నాడు, చీటీలు మోసేదీ ఇప్పుడు అతనే. తలుపులన్నీ మూశాం. రేడియో పెట్టాం. నా ముందు గ్లాసు బోర్లించి ఉంది. ముందు గది ఆగినట్టు తలుపు కింది నుంచి చీటీ వచ్చింది. మెట్ల నుంచి ఇంకా రాలేదు. రాశాడో లేదో, రాసి ఆమెలాగే కావాలని పోగొట్టాడో, కలం పట్టుకుని ఆలోచిస్తున్నాడో, తలుపు ఇవతల నాకు అన్నీ ఒకటే. రేడియోలో ఏదో చెబుతున్నారు, ఒక్క ముక్క చెవికెక్కడం లేదు.

సింకులో మేమిద్దరం తిన్న కంచాలున్నాయి. చెయ్యి దానంతటదే కుళాయి దాకా వెళ్లింది. తోమితే ఆ చప్పుడు రేడియోను దాటి మా ఆయనకు వినబడుతుంది. నేనింకా ఆగే ఉన్నానని చీటీ లేకుండానే ఆయనకు తెలిసిపోతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని పీట మీద కూర్చున్నాను. కంచాల మీద మెతుకులు ఎండిపోతున్నాయి. ఎండనీ.