టేపు వెనక ముడుపు కోసం విజయనగరం దాకా

నేను ఈ ప్రయాణం సరదాకి చెయ్యలేదు. ఒళ్ళు మండి చేశాను. నేను చెబుతుంటే రాస్తున్నది మా మరిది భార్య నాగమణి. తన మొగుణ్ణి తిట్టిన చోట మాటలు తగ్గించి రాయొద్దని ముందే చెప్పాను. నవ్వుతూ రాస్తోంది కాబట్టి నమ్మొచ్చు.

మాది కోటబొమ్మాళి. మా ఆయన అద్దె కారు నడిపేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది. మాకు పిల్లలు లేరు. కారు నా పేరునే ఉంది గానీ తాళం మా మరిది అప్పల్రాజు దగ్గర ఉంటుంది. నడిపేది వాడే. ఆ గురువారం పొద్దున్న లేచి చూస్తే వాకిట్లో కారు లేదు.

"ఏటే, తెల్లారకుండానే బేరమొచ్చిందా?" అని నాగమణిని అడిగాను.

"బేరం కాదక్కా, ఇజీనారం ఎల్లినారు. ఆ ట్యాబ్ కొన్నారు కదేటి, దాన్ని కారు ముందర బిగించేత్తారట. పాటల టేపు పీకేసి ఆ కన్నంలోనే పెడతారట. దారి సూపిత్తాదట, సినిమాలు ఆడతాదట."

టేపు పీకేస్తారన్న మాట వినగానే గూట్లోంచి డబ్బులు తీసి కొంగున ముడేసుకున్నాను. ఎందుకో చెబుతాను.

ఆయన పోవడానికి ముందు నాకు కడుపులో గడ్డ లేచి ఆపరేషన్ అయింది. బతకడం కష్టమని డాక్టర్లు ఆయనతో చెప్పారట. ఆయన ఆసుపత్రి బయట కారులోనే కూర్చుని, పసుపు గుడ్డలో ఒక రూపాయి బిళ్ళ, గుప్పెడు బియ్యం ముడేసి అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకున్నాడు. నేను నా కాళ్ళ మీద నడిచి బయటికొస్తే ఇదే కారులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకొస్తానని, తన తలనీలాలిచ్చి ఆ ముడుపు హుండీలో వేస్తానని. నేను నడిచి బయటికొచ్చాను. ముడుపు మాత్రం కారులోంచి బయటికి రాలేదు. దేవుడి గూట్లో పెడదామంటే వినలేదు. "ఇంట్లో ఉంటే మరిసిపోతానే. బండిలో ఉంటే రోజూ గుర్తుంటాది" అని టేపు బయటికి లాగి, దాని వెనక సందులో ముడుపు దోపి, మళ్ళీ టేపు బిగించేశాడు. ఇక గుర్తెక్కడిది? కంటికే కనపడకుండా పోయింది.

ఆదివారమే వెళ్ళాలని ఆయన పట్టు. ఆదివారాలే పెళ్ళిళ్ళూ అద్దెలూ ఎక్కువ. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటూనే ఒకరోజు గుండె పట్టుకుని పోయాడు. ఏడాది దాకా గుడి మెట్లెక్కకూడదన్నారు పెద్దలు. ఎక్కలేదు. ఏడాది తిరిగాక మరిదిని అడిగాను, అరసవల్లి తీసుకెళ్ళరా అని. "ఒచ్చే ఆదివారం ఒదినా" అన్నాడు. అచ్చం అన్నలాగే! ముడుపు సంగతి వాడికి చెప్పలేదు. చెల్లించేదాకా మన ఇద్దరి మధ్యే ఉండాలని ఆయన నా చేత ఒట్టేయించుకున్నాడు.

అప్పల్రాజుకి ఫోను చేశాను, స్విచాఫ్. కారు నడుపుతూ ఫోను కట్టేసే బుద్ధి వాడికి జన్మలో లేదు. ఆ రోజే వచ్చింది.

స్టేషనుకి పరుగెత్తి పొద్దుటి పాసింజరు అందుకున్నాను. మీలో ఎవరైనా ఆ బండి ఎక్కితే, ఆమదాలవలస దాకా నిలబడడానికి సిద్ధపడి ఎక్కండి. అక్కడ కాలేజీ పిల్లలూ ఆఫీసులవాళ్ళూ దిగిపోతారు, పెట్టెలో గాలాడుతుంది. నాకూ అక్కడే కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా ఎండుచేపల తట్టతో ఒకామె, పక్కన రాజాంలో బియ్యం వ్యాపారం చేసే షావుకారు ఒకాయన. నా మొహం చూసి ఆ చేపలామె ఊరుకోలేదు.

"ఏటమ్మా, ఎవురి మీద ఎల్తన్నావు యుద్దానికి?"

చెప్పేశాను. ఒట్టు గిట్టు ఆ కోపంలో గుర్తు రాలేదు. ఆమె ముక్కున వేలేసుకుంది.

"ముడుపు కట్టినోడే ఇప్పాల. సెల్లకుండా ఎవుడో ఇప్పేత్తే, దేవుడు ఇచ్చింది ఎనక్కి తీసేసుకుంటాడు తల్లీ!"

ఇచ్చింది నా ప్రాణమే కదా. షావుకారు గారు నన్ను ఓదార్చాలనుకున్నారు కాబోలు, ట్యాబ్ గురించి ఎత్తుకున్నారు.

"మా బండిలోనూ పెట్టించానమ్మా. మంచిదే. కాకపోతే ఎండకి యేడెక్కి ఆగిపోతాది. దారి తెలిసిన ఊళ్ళో బాగా సెప్తాది, తెలీని ఊళ్ళోనే తికమక పడతాది."

"మరెందుకండీ అది?"

"సుట్టాలు సూడ్డానికమ్మా" అని ఆయన చీపురుపల్లిలో దిగిపోయారు.

విజయనగరం చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. స్టేషను బయట వేడి ఇడ్లీలు పొగలు కక్కుతున్నాయి గానీ, ముడుపు చెల్లేదాకా తిననని అనుకున్నాను కాబట్టి టీ మాత్రం తాగాను. కార్లకి అలంకారాలు చేసే కొట్లు ఎక్కడున్నాయని ఆటో అతన్ని అడిగాను. బోర్డు కూడబలుక్కుని చదవగలను గానీ నేను ఒక బోర్డు పూర్తి చేసేలోగా ఆటో నాలుగు కొట్లు దాటిపోతుంది. అందుకే బోర్డులు చూడలేదు, బళ్ళని చూశాను. మా కారుకి వెనక తలుపు మీద సొట్ట ఉంది. నరసన్నపేట సంతలో ఎద్దు కుమ్మిన సొట్ట. వరసలో చివరి కొట్టు ముందు అది కనపడింది.

తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. టేపు నేల మీద దుమ్ములో బోర్లా పడి ఉంది, వైర్లు పేగుల్లా బయటికొచ్చి. అది ఉండాల్సిన చోట పలకంత ట్యాబ్, చుట్టూ నల్ల ప్లాస్టిక్ చట్రం. అప్పల్రాజు ముందు సీట్లో కూర్చుని అందులో ఏదో పాట చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్న మేస్త్రీ దాని అద్దం తుడుస్తున్నాడు. పసుపు గుడ్డతో.

నేను ఆ గుడ్డ లాక్కున్నాను.

"ఎక్కడిదయ్యా ఇది?"

"టేపు ఎనకాతల దొరికిందమ్మా. గడగడలాడకుండా ఎవుడో డ్రైవరు కుక్కినట్టున్నాడు."

"ఆ ఎవుడో డ్రైవరు నా మొగుడు! ఇందులో బియ్యమేవి? బిళ్ళేది?"

అప్పల్రాజు దిగి వచ్చాడు. "ఏటొదినా, ఇలాగొచ్చేసినావు? అందరూ సూత్తన్నారు."

"సూడనీరా! మీ అన్న నా పేనానికి కట్టిన ముడుపురా అది. దాంతో నీ సినిమా అద్దం తుడిపించుకుంటన్నావు."

"నాకెవులు సెప్పినారు? నాకెలా తెలుస్తాది?"

"టేపు పీకేముందు నన్ను అడిగితే తెలుస్తాది. బండి ఎవులదిరా? ఫోను ఎందుకు కట్టేసినావు?"

ఫోను కట్టెయ్యలేదట. ట్యాబ్‌లో సిమ్ము వేసి చూడ్డానికి ఫోనులోంచి సిమ్ము తీశాడట. చుట్టుపక్కల కొట్లవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బియ్యం కారులో కాళ్ళ కింది పట్టాల మీద, సీటు కింద చెల్లాచెదురుగా ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని గింజ గింజా ఏరాను. కాసేపటికి మేస్త్రీ కూడా పక్కన కూర్చుని ఏరాడు. బిళ్ళ మాత్రం కనపడలేదు. చివరికి మేస్త్రీ తల గోక్కుంటూ, "అమ్మా, తిట్టకు. చట్రం కన్నం కన్నా కొంచెం చిన్నదైపోనాది. ట్యాబ్ ఊగుతంటే సందులో ఆ బిళ్ళ దోపీసినాను" అన్నాడు.

నా మొగుడి మొక్కు ట్యాబ్‌కి ఊతం అయిందన్నమాట!

"తియ్యి."

"తీత్తే టకటకలాడతాదమ్మా. అరగంట ఆగితే రబ్బరు ముక్క కోసి పెడతాను."

"ఊగనీ. ఇప్పుడే తియ్యి."

తీశాడు. బిళ్ళకి ఇంకా పసుపు ఉంది. గుడ్డ జిడ్డు ఓడుతున్నా అందులోనే బియ్యం, బిళ్ళ పోసి ముడేసి, ముందు సీట్లో కూర్చున్నాను. ఆ కారు కొన్నాక ముందు సీట్లో నేను కూర్చోవడం అదే మొదలు. ఎప్పుడూ అద్దెకొచ్చినవాళ్ళు కూర్చునేవాళ్ళు, నేను వెనక సామాన్లతో. "అరసవల్లి పోనీ" అన్నాను.

"ఇయ్యాల గురువారమొదినా. ఆదివారం కదా..."

"గురువారం సూర్యుడు పొడవలేదేటిరా?"

నాతవలస దగ్గర పెద్ద రోడ్డెక్కాం. రణస్థలం, ఎచ్చెర్ల దాటేదాకా మాట్లాడింది ట్యాబే. అందులోంచి ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో చెబుతూనే ఉంది, మా వాడికి అర్థం కాకపోయినా తలూపుతూనే ఉన్నాడు. బండి గతుకులో పడ్డప్పుడల్లా ట్యాబ్ టకటకా కొట్టుకుంటోంది. శ్రీకాకుళం దగ్గర అది బాణం తిన్నగా చూపించింది. వాడు తిన్నగా పోబోయాడు.

"ఒరే, పుట్టిన కాడ్నుంచి తిరుగుతన్న ఊరు. అదేటి నీకు సెప్పడం? ఊళ్ళోకి తిప్పు!"

తిప్పాడు. గుడికి చేరేసరికి సాయంత్రం దర్శనానికి జనం పోగవుతున్నారు. మామూలు రోజుల్లో వెళితే ఇదొక సుఖం, తోపులాట ఉండదు. తలనీలాలు తీసే చోట నేను వాడి భుజం పట్టుకుని ఆపాను.

"కూర్చో."

"నేనా? నేనెందుకొదినా?" అని వాడు రెండు చేతులతో జుట్టు పట్టుకున్నాడు. "మొక్కింది అన్న కదా!"

"మీ అన్న తల ఇప్పుడెక్కడి నుంచి తేవాలిరా? ఒక్క కడుపున పుట్టినారు. ఆ తల లేదు, నీ తలుంది."

మంగలి నా వంక చూసి, "తమ్ముడిత్తే సెల్లుతాదమ్మా, సానామంది ఇత్తారు" అన్నాడు. వాడు కదల్లేదు. విజయనగరం నుంచి నా చేత తిన్న తిట్లన్నీ అప్పుడు వాడి గొంతులోకి వచ్చాయి.

"అన్న పోయినప్పుడు ఇచ్చినాను కదొదినా. కర్మ సేసింది నేను కాదా? ఏడాది నుంచి పెంచినాను ఈ జుట్టు. అప్పుడు అన్న సావుకిచ్చినాను. ఇప్పుడు దేనికివ్వాల?"

"నేను బతికినందుకు" అన్నాను.

వాడు నా మొహం చూశాడు. చూసి కూర్చుని తల వంచాడు. మంగలి కత్తి పెట్టేసరికి వాడి భుజాలు కదిలాయి. అన్న పోయిన రోజు వాడు ఏడవలేదు, పనులన్నీ వాడే చూసుకున్నాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను. ఓదార్చలేదు. నాకింకా కోపంగానే ఉంది.

లోపలికెళ్ళి దణ్ణం పెట్టుకుని హుండీ దగ్గర నిలబడ్డాను. ముడుపు వేసేటప్పుడు మంచి మాటలు అనుకోవాలంటారు. నాకు రాలేదు. ఇన్ని ఆదివారాలు పోగొట్టినందుకు ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే వేశాను. బిళ్ళ పడ్డ చప్పుడు వినపడింది.

నరసన్నపేటలో దీపాలు పెట్టే వేళకి ఆగాం. రోడ్డు పక్క హోటల్లో పెసరట్టు వేడివేడిగా వేశాడు. రోజంతా తిననిదానికి అంత రుచి తెలిసిందో, నిజంగానే బాగుందో చెప్పలేను. మీరు వెళితే తిని చూడండి. అప్పల్రాజు గుండు మీద కండువా కప్పుకుని తిన్నాడు. కారెక్కబోతూ నల్లటి ట్యాబ్ అద్దంలో తన గుండు చూసుకుని, "దీని లాగే నున్నగా, లచ్చణంగా ఉన్నాను" అన్నాడు. అప్పుడు నవ్వాను. ఒక్కసారే.

కోటబొమ్మాళి మలుపు తిరిగాక రోడ్డు పాడు. ట్యాబ్ ఊగిపోతోంది. వాడు ప్రసాదం కట్టిన కాగితం మడత పెట్టి, ఆ సందులో దోపడానికి చెయ్యి చాపాడు. నేను చెయ్యి మీద కొట్టాను.

"ఏటొదినా? సప్పుడు సంపేత్తంది."

"సంపనీ. ఈ బండిలో ఇంకెవులూ దేని ఎనకా ఏటీ దోపకూడదు."

ఇల్లు చేరేదాకా టకటకా కొట్టుకుంటూనే వచ్చింది. ఇవాళ్టికీ కొట్టుకుంటోంది.