చూడి గొర్రెకు వద్దన్న సూది

శ్రావణ మాసంలో ఒక సోమవారం పొద్దున బియ్యం కడుగుతుంటే ఒళ్ళంతా కర్రతో బాదినట్టు నొప్పులు మొదలయ్యాయి. నాకప్పుడు ఏడో నెల. కడుపుతో ఉన్నవాళ్ళకు నడుము నొప్పులు, కాళ్ళ నొప్పులు మామూలే కదా అని పట్టించుకోలేదు. ఎసరు పెట్టేసరికి చలి పట్టుకుంది. ఫ్యాను కింద కూడా చెమటలు కారే రోజుల్లో నేను దుప్పటి కప్పుకుని వణుకుతూ పడుకున్నాను. మళ్ళీ ఆ పొయ్యి ముందు నిలబడి వంట చేసింది రెండు నెలలు దాటిన తర్వాతే.

ఈ అనుభవాన్ని నెమ్మదిగా చెప్పాలని రెండు మూడు సార్లు రాసి చింపేశాను. నెమ్మదిగా చెప్పడం నా వల్ల కాలేదు. కోపం కోపంగానే ఉంది. అట్లాగే రాస్తున్నాను.

మా అత్తగారిది పెద్దముడియం దగ్గర పల్లె. పుట్టిల్లు ప్రొద్దుటూరు. మా ఆయనకు జమ్మలమడుగులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే అంగడి ఉంది. మామకు నూటికి పైగా జీవాలున్నాయి. గొర్రెల్ని, మేకల్ని కలిపి మా వైపు జీవాలంటారు. ఏ గొర్రె ఎప్పుడు చూడి కట్టింది, ఏది ఎప్పుడు ఈనుతుంది అన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు ఆయన మాటే వింటారు.

ఐదో నెలలో ప్రొద్దుటూరులో స్కానింగ్ చేయించుకున్నాను. రిపోర్టు చూసి డాక్టరు మేడమ్, "బేబీ బాగుంది. ఒక ఫ్లూ షాట్ తీసుకుంటే మంచిదమ్మా, వానాకాలం వస్తోంది కదా" అన్నారు.

"తీసుకోవాల్సిందేనా మేడమ్?" అని అడిగాను.

"కంపల్సరీ ఏం కాదు. మీ ఇష్టం. ఇంట్లో మాట్లాడుకుని రండి."

అంతే. తర్వాతి పేషెంటు అప్పటికే తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. 'ఇంట్లో మాట్లాడుకుని రండి' అన్న ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ మండుతుంది. మా ఇంట్లో ఎవరున్నారు, డాక్టర్లా? గొర్రెలు కాసే మామ, నాలుగో తరగతి చదివిన అత్త, సెల్‌ఫోన్లు విప్పే మొగుడు. వాళ్ళతో మాట్లాడి నేనేం తేల్చుకోవాలి?

అయినా మాట్లాడాను. సాయంత్రం జీవాల్ని దొడ్డికి తోలి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న మామతో చెప్పాను.

"వద్దుమ్మా" అన్నాడు వెంటనే. "జీవాలకే చూడి మీద సూది ఏపియ్యం. మనిషికి ఏపిస్తామా?"

ఆయన ఎందుకు అట్లా అన్నాడో నాకు తెలుసు. నా పెళ్ళైన కొత్తలో, వానలకు జీవాలు ఉన్నట్టుండి పడి చచ్చే చిటుకు రోగం రాకుండా మందకంతా సూదులు వేయించారు. వారం తిరక్కుండా తొమ్మిది చూడి గొర్రెలు ఈసుకుపోయాయి. నెలలు నిండని పిల్లలు పడిపోయాయి. వాటిని గుంత తీసి పూడ్చేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. మామ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆయన భయం నాటకం కాదు. అయినా నాకు ఒళ్ళు మండింది.

"నేను గొర్రెనా మామా? టీటీ రెండుసార్లు ఏపిచ్చుకుంటి గదా, అప్పుడేమీ అనల్యా నువ్వు?"

"అది అందరూ ఏపిచ్చుకునేదే గదమ్మా. ఇది యాడి సూదో, ఏందో, ఎవురికి తెల్సు?"

అత్త లోపలి నుంచి అందుకుంది. "ఇయ్యన్నీ ల్యాకుండానే నేను ముగ్గుర్ని కనల్యా?"

మా ఆయన మాత్రం ఫోన్లోంచి తల ఎత్తకుండా, "నీ ఇష్టమే. కాకపోతే రేపేమన్నా అయితే నా మీదికి రాగూడదు" అన్నాడు. ఈ 'నీ ఇష్టం' అనే మాట ఎంత సుఖమైనదో చూడండి. అన్నవాళ్ళ నెత్తిన ఏ బరువూ ఉండదు.

మా పల్లెకు వచ్చే నర్సమ్మను అడిగితే, "మా లిస్టులో టీడీనే ఉండాది, మీరు టీటీ అంటారే అదే. ఫ్లూది బయట ఏపిచ్చుకోవల్ల" అంది. జమ్మలమడుగులో మెడికల్ షాపులో అడిగితే స్టాకు లేదని, డాక్టరు చీటీ తెస్తే తెప్పిస్తానని చెప్పాడు. చీటీ తేవాలంటే మళ్ళీ ప్రొద్దుటూరు పోవాలి. తర్వాతి నెల చెకప్‌కు పోయాను. మేడమ్ ఆ సంగతి మరచిపోయారు. నేనూ గుర్తు చేయలేదు.

గుర్తు లేక కాదు. బీపీ చూసేటప్పుడు ఆ మాట నా నోటి దాకా వచ్చింది. మామ మీద అంత ఎగిరిన నాకు కూడా లోపల ఆ తొమ్మిది గొర్రెలే కనబడుతున్నాయి. సూది వేయించుకున్నాక ఏదైనా అయితే జన్మంతా నన్నే అంటారన్న భయం. వేయించుకోకపోతే పెద్దవాళ్ళు వద్దన్నారని చెప్పుకోవచ్చు. ఆ సందులో దూరి రెండు నెలలు కూర్చున్నాను.

శ్రావణంలో మా అత్త గండి మొక్కు సంగతి తీసింది. కోడలికి కడుపు నిలిస్తే శ్రావణ శనివారం ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకొస్తానని మొక్కుకుందట. ఏడో నెలలో గుడికి పోకూడదంటారు కదా అంటే, "కొండెక్కేది ల్యా, గుట్టెక్కేది ల్యా, గండే గదా" అంది. వేంపల్లెలో ఉన్న మా ఆడబిడ్డ ఇంట్లో దిగి, అక్కడి నుంచి ఆటోలో పోయాం. తొమ్మిది మందిమి ఒకే ఆటోలో కూర్చున్నాం. గుళ్ళో వరుసలో గంటన్నర నిలబడ్డాను. నా వెనకామె నా మెడ మీదికే దగ్గుతోంది. సూదికి అంత భయపడినవాళ్ళు ఆ తోపులాటకు ఎవరూ భయపడలేదు. అక్కడే అంటుకుందని నేను రుజువు చేయలేను. సోమవారం నాడు మాత్రం నేను పడిపోయాను.

మూడు రోజులు పారాసెటమాల్ వేసుకున్నాను. కడుపుతో ఉండగా ఎక్కువ మందులు మింగకూడదని అత్త, నేనూ ఒకే మాట మీద ఉన్నాం. మామ మిరియాల కషాయం కాచి ఇచ్చాడు. గురువారం పొద్దున బాత్రూం దాకా నడిచి తిరిగి రాలేకపోయాను. గడప మీద కూర్చుని, ఊపిరి పీల్చుకుంటున్నా అందడం లేదని మా ఆయనకు సైగ చేశాను.

జమ్మలమడుగులో వేలికి క్లిప్పు పెట్టి చూస్తే శాచురేషన్ ఎనభై తొమ్మిది. ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో ప్రొద్దుటూరు పంపారు. అక్కడ ముక్కులో స్వాబ్ తీశారు. కడుపు మీద బరువైన గుడ్డ కప్పి ఎక్స్‌రే తీశారు. ఇన్‌ఫ్లుయెంజా ఏ పాజిటివ్. రెండు వైపులా న్యుమోనియా.

"జ్వరం ఎన్నో రోజు?" అని ఐసీయూ డాక్టరు అడిగాడు.

"నాలుగో రోజు సార్" అన్నాడు మా ఆయన.

"రెండు రోజుల్లోపల రావాల్సింది. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ ముందే మొదలు పెట్టి ఉంటే బాగా పనిచేసేది. ఇప్పుడైనా మొదలు పెడదాం. ఫ్లూ వ్యాక్సిన్ తీసుకుందా ఈమె?"

"లేదు సార్" అన్నాడు మా ఆయన.

ఐదు రోజులు ఐసీయూలో ఉన్నాను. ముఖానికి బిగించిన మాస్కు, రెండు చేతులకూ సూదులు, రోజూ రక్తం తీయడం. ఒక్క సూది వద్దని కూర్చున్నదాన్ని, అక్కడ సూదులు లెక్కపెట్టడం మానేశాను. నెలలు నిండకముందే పురుడు వస్తుందేమోనని బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా ఇచ్చారు. నర్సు రోజుకు రెండుసార్లు బిడ్డ గుండె చప్పుడు వినిపించేది. అది వినబడేదాకా నేను కళ్ళు మూసుకుని, ఆ మిషన్ వైపే చెవి పెట్టి పడుకునేదాన్ని. నా ఊపిరి సంగతి నాకు పట్టేది కాదు. నేను పోయినా బిడ్డను తీస్తారా లేదా అన్నదే నా ఆలోచన.

మూడో రోజు మా మేడమ్ చూడడానికి వచ్చారు. "ఆ రోజు ఫ్లూ షాట్ తీసుకోమని చెప్పాను కదమ్మా" అన్నారు. మాస్కు లేకపోయి ఉంటే జవాబు చెప్పేదాన్ని. మీరు తీసుకోమనలేదు, నా ఇష్టమన్నారు అని.

తొమ్మిదో రోజు డిశ్చార్జ్ చేశారు. పుట్టింటికి పోయాను. గండం గడిచిందని అందరూ అనుకున్నారు. రెండు వారాలు కాకముందే నొప్పులు వచ్చాయి. ఆపడానికి మందులిచ్చారు, ఆగలేదు. ముప్పై మూడో వారంలో పాప పుట్టింది. కేజీ ఏడు వందల గ్రాములు. నాకు చూపించకుండానే ఎన్‌ఐసీయూకు తీసుకుపోయారు. ఎనిమిదో నెల బిడ్డ నిలవదని వార్డులో ఎవరో గొణిగారు. ఎవరన్నారో తెలిసి ఉంటే ఆ రోజు కొట్టి ఉండేదాన్ని. పదిహేడు రోజులు నేను పాలు పిండి గిన్నెలో పంపితే, పాపకు ముక్కులో ట్యూబుతో పోశారు.

ఫ్లూ వల్లే ఇట్లా అయ్యిందా అని మేడమ్‌ను అడిగాను. "నూటికి నూరుపాళ్ళు చెప్పలేనమ్మా. షాట్ తీసుకున్నా ఒక్కోసారి జ్వరం రావచ్చు. కాకపోతే ఇంత ముదిరేది కాదేమో" అన్నారు. ఆ 'ఏమో'తోనే బతుకుతున్నాను.

పాపకు తొమ్మిదో నెల నడుస్తుండగా, తొలకరికి ముందు, మందకు సూదులు వేయడానికి ఎప్పుడూ వచ్చే పశువుల డాక్టరు మా దొడ్డికి వచ్చాడు. మామ చూడి గొర్రెల్ని విడిగా కట్టేశాడు. పాపను ఎత్తుకుని నేనే దొడ్డి గేటు దగ్గరికి పోయి అడిగాను.

"సార్, ఈ సూది వేస్తే చూడి గొర్రెలు ఈసుకుపోతాయా?"

"ఈ మందు వల్ల ఎందుకు పోతాయమ్మా?" అన్నాడు ఆయన. "చూడి వాటికి వేయకూడని మందులు కొన్ని ఉంటాయి, ఇది అట్లాంటిది కాదు. ఈననున్న గొర్రెను తరిమి, కాళ్ళు పట్టి కింద పడేసి వేస్తే ఆ కుదుపుకు పోతాయి. అందుకే వాటిని ముందే వేరు చేసి పెట్టమని చెబుతాం. ఆ తొమ్మిదీ పోయిన ఏడు మీ మామ అట్లా చేయలేదు. మందనంతా ఒకటిగా తోలాడు."

మామ అక్కడే ఒక పొట్టేలు కొమ్ములు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అట్లనా" అన్నాడు. తర్వాతి గొర్రెను పట్టుకోవడానికి పోయాడు. అంతే. తొమ్మిది గొర్రెల తప్పు మందు మీద వేశాడు. ఆ నిందనే తెచ్చి నాకు వేయాల్సిన సూది మీదా పెట్టాడు. దాన్ని నేనూ నమ్మాను. ఆ మధ్యాహ్నం వంట చేయకుండా పడుకున్నాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే వేంపల్లె నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. ఆమెకు నాలుగో నెల. మామ నా దగ్గరికి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఆ సూది పేరేందో కాయితం మీద రాసియ్యమ్మా. యాడ దొరుకుతాది?"

నాకు వద్దన్న సూది కూతురికి కావాల్సి వచ్చింది. ఆ క్షణం నాకు కళ్ళు తిరిగినంత కోపం వచ్చింది. "రాసియ్యను మామా" అన్నాను. "నువ్వూ రా డాక్టరు కాడికి. నీ జీవాల సంగతి నువ్వే అడుగు."

వస్తాడనుకోలేదు. వచ్చాడు. పులివెందులలో మా ఆడబిడ్డను చూసే డాక్టరమ్మ ఎదురుగా ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టాను. మొత్తం చెప్పాడు. చిటుకు రోగం, సూది, తొమ్మిది గొర్రెలు. ఆమె నవ్వుతుందని భయపడ్డాను, నవ్వలేదు. "తొమ్మిదీ ఈననున్నవేనా పెద్దాయనా?" అని అడిగింది. తర్వాత నిదానంగా చెప్పింది. ఇది చచ్చిన వైరస్‌తో చేసిన టీకా, కడుపులో బిడ్డకు దీంతో జబ్బు అంటుకోదు. చేయి ఒక రోజు నొప్పి పెట్టవచ్చు. పుట్టిన బిడ్డకు ఆరు నెలల దాకా ఈ టీకా వేయరు కాబట్టి అప్పటిదాకా తల్లి నుంచి వచ్చిన కాపుదలే ఆధారం.

"మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా వేయించుకున్నారా?" అని అడిగింది.

మామ తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. "మా కోడలు ఏపిచ్చుకుంటాననింది డాక్టరమ్మా. నేనే వద్దంటి" అన్నాడు.

నాతో అనలేదు ఆ మాట. ఆమెతో అన్నాడు, నేను పక్కనే నిలబడి ఉండగా. నా కోపం పోయిందని చెప్పను. అయితే ఆ తర్వాత ఆయన ముందు కూర్చుని అన్నం తినగలుగుతున్నాను. మా ఆడబిడ్డ ఆ రోజే సూది వేయించుకుంది. ఆమెకు కొడుకు పుట్టాడు, నెలలు నిండాకే. మా పాప ఆలస్యంగానైనా నడుస్తోంది. దగ్గు వచ్చిందంటే మాత్రం నేను ఆ రాత్రి నిద్రపోను.

కడుపుతో ఉన్న అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఇంట్లో మాట్లాడుకుని రమ్మంటే ఇంటికి పోయి కూర్చోకండి. వద్దనే మనిషి ఎవరో, ఆ మనిషిని వెంటబెట్టుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికి పోండి. వాళ్ళ భయం ఏమిటో వాళ్ళ నోటితోనే చెప్పించండి. మీ భయం కూడా చెప్పండి. అది ఎంత పిచ్చిదిగా అనిపించినా సరే, గొర్రెల గురించైనా సరే. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. దీనికి పట్టేది పది నిమిషాలు. నేనూ ఆ పని చేశాను. కాకపోతే నా బిడ్డ కోసం కాదు.